రెండు క్రిస్మస్‌లు చూసిన చిన్న ఓవెన్

ఏడాది పొడవునా ఏ ఓవెన్ అయినా మంచి ఓవెన్‌లాగే కనిపిస్తుంది. నెలకొక కేకు, ఎప్పుడైనా ఒక పిజ్జా, నాలుగు రొట్టె ముక్కలు దోరగా కాల్చుకోవడం వంటి పనుల్లో దాని లోపాలు బయటపడే సందర్భమే రాదు. డిసెంబరు వచ్చేసరికి సంగతి మారిపోతుంది. మూడు గంటల పాటు సన్నని సెగలో మగ్గవలసిన పండ్ల కేకు, రెండు నిమిషాలు ఆలస్యమైతే మాడిపోయే అల్లం బిస్కెట్లు, పులిసి పొంగవలసిన తీపి రొట్టె, పండుగనాడు నిండుగా కాల్చవలసిన కోడి, ఇవన్నీ ఒకదాని వెనుక ఒకటిగా అదే పెట్టెలోకి వెళ్లి అతిథుల ముందుకు రావలసి ఉంటుంది. అందుకే బల్ల మీద పెట్టుకునే నా ఓటీజీని (ఓవెన్, టోస్టర్, గ్రిల్లర్ కలిసిన చిన్న కరెంటు ఓవెన్‌ను) కొన్న వెంటనే సమీక్షించకుండా, రెండు క్రిస్మస్‌లు గడిచేదాకా ఆగాను. దాని సామర్థ్యం 30 లీటర్లు, విద్యుత్ వినియోగం 1500 వాట్లు. పైన రెండు, కింద రెండు వేడి కడ్డీలు ఉన్నాయి. ముందు భాగంలో వేడికి, కడ్డీల ఎంపికకు, సమయానికి ఒక్కొక్కటి చొప్పున మూడు నాబ్‌లు ఉన్నాయి. కంపెనీ పేరు చెప్పడం లేదు. ఈ ధర శ్రేణిలోని ఓవెన్లలో చాలావాటి అమరిక ఇదే కనుక, ఇక్కడ చెప్పే మంచిచెడ్డలు చాలావరకు వాటన్నిటికీ వర్తిస్తాయి.

పెట్టె విప్పిన రోజున పిండి జోలికి పోకుండా, ఖాళీ ఓవెన్ మధ్యలో విడిగా కొన్న ఓవెన్ థర్మామీటరు ఒకటి వేలాడదీసి, నాబ్‌ను 150 డిగ్రీల దగ్గర పెట్టి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఏడో నిమిషంలో సూచిక దీపం ఆరిపోయింది. కరపత్రం ప్రకారం ఓవెన్ సిద్ధమైనట్టే లెక్క. ఆ సమయానికి థర్మామీటరు ముల్లు 130 దగ్గరే ఉంది, పైగా ఇంకా ఎక్కుతూనే ఉంది. తర్వాతి గంటసేపు అది 148కీ 176కీ మధ్య ఊగుతూ పోయింది. సగటున చూస్తే 150 అని రాసి ఉన్న చోట నాకు దొరికింది 160 పైచిలుకు వేడి. ఇదే పరీక్ష 200 దగ్గర చేస్తే ఫలితం తలకిందులై, లోపల 190 దాటడానికే అది ఆయాసపడింది. అంటే తప్పు అంతటా ఒకే తీరున లేదు. కింది అంకెల దగ్గర ఎక్కువ, పై అంకెల దగ్గర తక్కువ చూపిస్తోంది. ‘అన్నిటికీ పది డిగ్రీలు తగ్గించుకుంటే సరి’ అనే సులువు సూత్రం ఈ ఓవెన్‌కు పనికిరాదు. ఆ రోజు రాసుకున్న అంకెల పట్టీని ఓవెన్ పక్కన గోడకు అంటించాను. ఈ రెండేళ్లలో దానితో వచ్చిన వంటల పుస్తకం కన్నా ఆ చీటీ వంద రెట్లు ఎక్కువ ఉపయోగపడింది.

వేడి అలా ఊగడం యంత్రం పాడవడం వల్ల జరిగేది కాదు. ఇలాంటి ఓవెన్ల థర్మోస్టాట్‌లో రెండు వేర్వేరు లోహాల రేకులను ఒకదానికొకటి అతికించిన పట్టీ ఉంటుంది. వేడికి ఆ రెండు లోహాలు ఒకే మేరకు సాగవు కనుక పట్టీ వంగి విద్యుత్తును తెంచుతుంది, చల్లబడ్డాక మళ్లీ చక్కనై కలుపుతుంది. తెంచడానికీ కలపడానికీ మధ్య కొంత వ్యవధి తప్పదు. కేకు పిండి బరువైనది, వేడిని నెమ్మదిగా పీల్చుకునేది కనుక ఆ ఊగిసలాట దానికి పెద్దగా పట్టదు. దాన్ని చెడగొట్టేవి రెండే. ఒకటి సగటు వేడిలోని తేడా, రెండోది ఓవెన్ గోడలు కాగకముందే టిన్నును లోపల పెట్టడం. గోడలు చల్లగా ఉంటే కడ్డీలు ఆరకుండా ఎర్రగా వెలుగుతూనే ఉంటాయి, ఆ ఎరుపు నేరుగా కేకు నెత్తిన పడుతుంది. అందువల్ల దీపం ఎన్నిసార్లు ఆరినా, వెలిగినా పట్టించుకోకుండా నేను గడియారం చూసి ఇరవై నిమిషాలు కాచిన తర్వాతే తలుపు తీస్తున్నాను.

చిన్న ఓవెన్‌కు, వంటగది గోడలో అమర్చే పెద్ద ఓవెన్‌కు అసలు తేడా ఇక్కడే ఉంది. పెద్దదానిలో పదార్థం చుట్టూ వేడిగాలి ఎక్కువగా ఉంటుంది, కడ్డీలు దూరంగా ఉంటాయి. నా ఓవెన్‌లో 20 సెంటీమీటర్ల గుండ్రని టిన్నును జాలీ మీద పెట్టి, కింది అరలోకి తోసినా, పొంగిన కేకు పైభాగానికీ పై కడ్డీకీ మధ్య నాలుగు వేళ్ల సందు కూడా మిగలదు. నల్లని టిన్నులు కడ్డీల వేడిని ఎక్కువగా లాగేసుకుంటాయి కనుక అంచులు గట్టిబడతాయి. మెరిసే అల్యూమినియం టిన్ను ఆ వేడిలో కొంత భాగాన్ని వెనక్కు తిప్పుతుంది. ఓవెన్‌తోపాటు ఉచితంగా వచ్చిన నల్ల టిన్నును మొదటి డిసెంబరు తర్వాత అటక ఎక్కించాను.

ఇక అసలు పరీక్ష అయిన పండ్ల కేకు విషయానికి వస్తాను. ఓవెన్‌తో వచ్చిన పుస్తకంలో దీనికి 180 డిగ్రీలు, 50 నిమిషాలు అని రాసి ఉంది. అది రాసినవారు ఒక్కసారైనా ఆ లెక్కతో కేకు చేసి ఉంటారని నేను నమ్మలేను. మొదటి ఏడాది బుద్ధి తక్కువై దాన్ని అనుసరిస్తే, నలభయ్యో నిమిషానికి పైభాగం గోధుమ రంగు దాటి నల్లబడింది, నడిమి భాగం కొండలా లేచి పగిలింది, ఆ పగుళ్లలోంచి పచ్చి పిండి బుడగలు బుడగలుగా పైకి వచ్చింది. వారం రోజులు నానబెట్టిన ఎండుపండ్లన్నీ చేదెక్కాయి. ఎండుద్రాక్షలోని చక్కెర పిండి కన్నా ముందే మాడుతుంది, పైకి తేలి కడ్డీకి దగ్గరగా ఉన్నవి ముందుగా బలవుతాయి. ఈ రకం కేకులో వెన్న, చక్కెర, మైదా తలా 225 గ్రాములు, గుడ్లు నాలుగు ఉంటే పండ్లు 800 గ్రాముల పైనే ఉంటాయి. అంటే వండుతున్నది పిండితో అతుక్కున్న పండ్ల ముద్ద తప్ప మామూలు కేకు కాదు. వేడి ఆ ముద్ద నడిమికి చేరడానికి గంటలు పడుతుంది, అంతసేపు అంచులు ఎండకుండా చూడగలిగిన ఓవెనే క్రిస్మస్‌కు పనికివచ్చే ఓవెన్.

రెండో ప్రయత్నానికి నాబ్‌ను 140 గీతకు కాస్త కిందికి తిప్పితే లోపల నాకు కావలసిన 150 దొరికింది. పాత పద్ధతిలో టిన్నుకు లోపల రెండు వరుసల బేకింగ్ కాగితం, బయట మందపాటి గోధుమ రంగు కాగితం చుట్టి దారంతో కట్టడం ఆనవాయితీ. లోపలి కాగితాన్ని అంచు పైకి మూడు నాలుగు సెంటీమీటర్లు నిలబెడితే అది కేకు నెత్తికి గొడుగులా పనిచేస్తుంది. పెద్ద ఓవెన్‌లో ఇది మంచి పద్ధతే గాని, ఈ ఓవెన్‌లో ఆ నిలబడిన కాగితం కొస పై కడ్డీకి తగిలే ప్రమాదం ఉంది. ఒకసారి అది గోధుమ రంగుకు మారి పొగ వాసన రావడం నా ముక్కుకు తెలిసింది కనుక సరిపోయింది. అప్పటి నుంచి కాగితాన్ని టిన్ను అంచుకు సమానంగా కత్తిరించి, బయట కాగితానికి బదులు నీటిలో తడిపి పిండిన మందపాటి నూలు గుడ్డ పట్టీని టిన్ను చుట్టూ బిగించి పిన్నీసు పెడుతున్నాను. గుడ్డలో తడి ఉన్నంతసేపు టిన్ను అంచు దగ్గర వేడి నీరు మరిగే 100 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. అంచులు తొందరపడి గట్టిపడవు కనుక కేకు మధ్యలో గోపురం కట్టకుండా బల్లపరుపుగా లేస్తుంది. గంట దాటాక పైన అల్యూమినియం రేకును వదులుగా కప్పుతాను, అది కూడా కడ్డీకి తగలకుండా నాలుగు మూలలనూ కిందికి మడిచిన తర్వాతే.

ఆ రోజు కేకు రెండు గంటల నలభై నిమిషాలు తీసుకుంది. సన్నని చువ్వ గుచ్చి చూడడం అందరూ చేసేదే గాని పండ్ల కేకు విషయంలో అది మోసం చేస్తుంది, ఎందుకంటే చువ్వ ఎండుద్రాక్షలో దిగితే ఎంత ఉడికిన కేకైనా జిగటగానే కనిపిస్తుంది. రెండు మూడు చోట్ల గుచ్చి చూడాలి. లేదా వంట థర్మామీటరు సూదిని నడిమికి దించి 96 నుంచి 99 డిగ్రీల మధ్య ఉందో లేదో చూసుకోవాలి. ఇంకొక పాత గుర్తు కూడా ఉంది. టిన్నును చెవి దగ్గర పెట్టుకుంటే ఉడకని కేకులోంచి సన్నగా చిటపట వినిపిస్తుంది, ఉడికినది దాదాపు మౌనంగా ఉంటుంది. ఓవెన్ చేతి తొడుగులతో ఆ బరువును చెవి దాకా ఎత్తడం నాకు ఎప్పుడూ వేడుకగానే ఉంటుంది. బయటికి తీసిన కేకు నాలుగు వైపులా ఒకే రంగులో ఉంది, వెనుక కుడి మూల ఒక్క పిసరు ముదిరింది. ఆ మూల సంగతి తర్వాత చెబుతాను. టిన్నులోనే రాత్రంతా చల్లార్చి, మర్నాడు కాగితంలో, రేకులో చుట్టి, వారానికొకసారి రెండు చెంచాల రమ్ము పోస్తూ ఐదు వారాలు ఉంచాను. ఆ వ్యవధిలో పండ్లలోని తేమ పిండి భాగంలోకి పాకి, దాల్చిన చెక్క, జాజికాయల ఘాటు అంతటా సర్దుకుని, కోసినప్పుడు ముక్క పొడి రాలకుండా కత్తి వెంటే వచ్చింది. మద్యం వద్దనుకునేవారు పండ్లను నారింజ రసంలో నానబెట్టవచ్చు, రుచి బాగానే ఉంటుంది. కాకపోతే ఆ కేకును వారాల తరబడి బయట నిలవ ఉంచే వీలు లేదు కనుక పండుగకు రెండు మూడు రోజుల ముందు చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి.

ఇంత మంచి ఫలితం ఇచ్చిన ఓవెన్ మీద నాకున్న పెద్ద ఫిర్యాదు కూడా ఈ కేకు దగ్గరే పుట్టింది. సమయపు నాబ్ స్ప్రింగుతో పనిచేసేది, దాని హద్దు 60 నిమిషాలు. నాబ్‌ను ఎడమకు తిప్పితే ఆగకుండా పనిచేసే స్థానం ఒకటి ఉందని పుస్తకం చివరి పుటలో చిన్న అక్షరాల్లో ఉంది, ముందు భాగం మీద మాత్రం ఆ గుర్తు కనిపించనంత సన్నగా అచ్చువేశారు. అది తెలియక మొదటి ఏడాది నేను గంటకొకసారి నాబ్ తిప్పుతూ కూర్చున్నాను. రెండో గంట ముగిసిన సమయానికి ఫోను మాట్లాడుతూ ఉండి గంట మోగడం వినలేదు, ఓవెన్ తనంతట తాను ఆగిపోయి, ఇరవై నిమిషాల పాటు కేకు ఆరుతున్న ఓవెన్‌లో కూర్చుంది. ఆ కేకు నడుమ ఒక వేలెడు మందాన బిరుసైన చార మిగిలిపోయింది. ఆగకుండా పనిచేసే స్థానం తెలిశాక ఆ ఇబ్బంది తప్పింది గాని, అప్పుడు ఓవెన్ తనంతట తాను ఎన్నటికీ ఆగదు. వంటగది గడియారాన్నో ఫోను అలారాన్నో నమ్ముకోవాలి. క్రిస్మస్ కేకును దృష్టిలో పెట్టుకుని కొనేవారు రెండు గంటల టైమరు ఉన్న రకాన్ని వెతుక్కోవడం మేలు.

బిస్కెట్ల విషయంలో ఈ ఓవెన్ గురించి పొగడ్త మాటలు రాయలేను. అల్లం బిస్కెట్లకు లోపల 180 కావాలి, పది నుంచి పన్నెండు నిమిషాల్లో పని అయిపోవాలి. ఇచ్చిన ట్రే మీద నక్షత్రం ఆకారపు బిస్కెట్లు పన్నెండు పడతాయి, అరవై చేయాలంటే ఐదు వాయిలు. తలుపు తీసిన ప్రతిసారీ థర్మామీటరు 130 దాకా పడిపోయి, తిరిగి అందుకోవడానికి ఆరేడు నిమిషాలు తీసుకునేది. తలుపు అంచున రబ్బరు పట్టీ లేకపోవడం అందుకు ఒక కారణం కావచ్చు. రెండు అరల్లో రెండు ట్రేలు పెడితే పని సగంలో ముగుస్తుందనుకున్నాను. పై ట్రే పై కడ్డీని, కింది ట్రే కింది కడ్డీని కమ్మేయడంతో ఒకదానికి అడుగు, ఇంకొకదానికి పైభాగం పచ్చిగా మిగిలాయి. గాలి తిప్పే ఫ్యాను ఉన్న రకాల్లో ఈ తేడా కొంత తగ్గుతుంది. అప్పుడు వంటకంలో రాసిన వేడిని 15 నుంచి 20 డిగ్రీలు తగ్గించుకోవడం మరచిపోకూడదు. ఇక వెనుక కుడి మూల ఈ ఓవెన్‌కు పుట్టుమచ్చ వంటిది. అక్కడ పెట్టిన బిస్కెట్ ప్రతి వాయిలోనూ మిగతావాటి కన్నా రెండు నిమిషాల ముందే ముదురుతుంది. ఆరో నిమిషంలో ట్రేను తిప్పిపెట్టడం, ఆ మూలలో మాత్రం ఏమీ పెట్టకుండా వదిలేయడం నేను కనుగొన్న ఉపాయాలు.

ట్రే గురించి కూడా ఒక మాట చెప్పాలి. రేకు మరీ పలచన. 180 దాటగానే లోపలినుంచి ‘టక్’ మని పెద్ద చప్పుడు వస్తుంది, మొదటిసారి విన్నప్పుడు అద్దం పగిలిందనుకున్నాను. ట్రే ఒక మూల పైకి లేచి మెలితిరుగుతుంది, చల్లారాక మళ్లీ ఇంకొక ‘టక్’ తో సర్దుకుంటుంది. విడి బిస్కెట్లకు దానివల్ల నష్టం లేదు. అల్లం బిస్కెట్ పలకలతో చిన్న ఇల్లు కట్టే సరదా ఉన్నవారికి మాత్రం అది తీరని నష్టం. గోడలన్నీ వంకరపోయి, గుడ్డు తెల్లసొన, పంచదార పొడి కలిపిన ఐసింగ్ ఎంత పూసినా కప్పు నిలబడదు. నేను ఆ ఇంటి గోడలను మందపాటి కేకు టిన్ను అడుగును బోర్లించి దానిమీద ఒక్కొక్కటిగా కాల్చుకున్నాను. కత్తిరించిన పిండిని కాల్చడానికి ముందు ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచడం, వేడి ట్రే మీద తర్వాతి వాయి పరచకుండా దాన్ని చల్లార్చడం ఏ ఓవెన్‌కైనా అవసరమే. వెన్న 35 డిగ్రీలకే పూర్తిగా కరిగిపోతుంది కనుక, వేడి ట్రే మీద పెట్టిన నక్షత్రం ఓవెన్‌లోకి వెళ్లకముందే చంద్రుడైపోతుంది.

తీపి రొట్టెల్లో నేను ప్రయత్నించినది స్టోలెన్. జర్మనీలోని డ్రెస్డెన్ నగరానికి పేరు తెచ్చిన ఈ క్రిస్మస్ రొట్టె మొదట్లో వెన్న లేని చప్పిడి రొట్టె. పండుగ ముందరి ఉపవాస దినాల్లో చర్చి వెన్నను నిషేధించేది. 1491లో పోప్ ఎనిమిదవ ఇన్నోసెంట్ అనుమతి పత్రం పంపిన తర్వాతే అందులోకి వెన్న చేరిందని చెబుతారు. ఇప్పుడు దానిలో ఉన్నంత వెన్న చూస్తే అంతకాలపు బాకీ వడ్డీతో సహా తీర్చుకున్నట్టే ఉంటుంది. అంత వెన్న, పండ్లు ఉన్న పిండిని ఈస్టు పొంగించడానికి వెచ్చని చోటు కావాలి. చాలా ఓవెన్లలో దీపం ఒక్కటే వెలిగించి లోపల పెడితే చాలు. నా ఓవెన్‌లో దీపం విడిగా వెలగదు, కడ్డీలతో పాటే వెలుగుతుంది. అందుకని ఆపి ఉన్న ఓవెన్‌లో ఒక గిన్నెడు వేడినీళ్లు పెట్టి, పిండిని పక్కన ఉంచి తలుపు మూశాను. గంటన్నరలో చక్కగా పొంగింది. రబ్బరు పట్టీ లేకపోయినా ఆ మాత్రం వెచ్చదనం నిలిచింది. కాల్చేటప్పుడు మాత్రం ఇరవయ్యో నిమిషానికే పైభాగం కావలసిన రంగుకు వచ్చేసింది. పాలు, వెన్న, చక్కెర కలిసిన పిండిలో ఆ రంగూ ఆ కమ్మని వాసనా పుట్టించేది మాంసకృత్తులకూ చక్కెరలకూ మధ్య జరిగే చర్య. 1912లో దాన్ని వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మైయార్ పేరుమీదే దాన్ని పిలుస్తారు. పై కడ్డీ అంత దగ్గరగా ఉన్నప్పుడు ఆ చర్య మరీ ఉత్సాహపడుతుంది. పై కడ్డీని ఆపి, కింది కడ్డీతో మిగిలిన పాతిక నిమిషాలు పూర్తి చేశాను. కడ్డీలను విడివిడిగా వాడుకునే ఆ నాబ్ ఈ ఓవెన్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం.

పండుగనాటి కోడికి ఓవెన్‌తో పాటు గుండ్రంగా తిరిగే చువ్వ ఒకటి ఇచ్చారు. అద్దంలోంచి అది తిరుగుతూ ఉండడం పిల్లలకు దీపాల చెట్టు కన్నా ఎక్కువ ఆకర్షణ అయింది. 1.5 కిలోల కోడి దాకా అది మోయగలదు. కాళ్లను, రెక్కలను దారంతో ఒంటికి బిగించి కట్టకపోతే ఒక కాలు జారి ప్రతి చుట్టుకూ కింది కడ్డీని తన్నుతుంది, కొవ్వు కడ్డీ మీద పడి గదినిండా పొగ కమ్ముకుంటుంది. కింద ట్రేలో పలచగా నీళ్లు పోసి ఉంచితే పొగ చాలావరకు తగ్గుతుంది. చర్మం కరకరలాడడం, మాంసం లోపల రసం నిలవడం చాలా బాగున్నాయి, ఆ విషయంలో నూటికి నూరు మార్కులు ఇస్తాను. రంగు చూసి తీయడం మాత్రం తప్పు. తొడ దగ్గర ఎముకకు తగలకుండా, మందమైన చోట సూది గుచ్చి 74 డిగ్రీలు వచ్చిందని చూసుకున్న తర్వాతే తీయాలి. తీసిన కోడిని వెంటనే కోయకుండా ఇరవై నిమిషాలు రేకు కప్పి ఉంచాలి కనుక, ఒకే ఓవెన్ ఉన్నవారికి బంగాళదుంపలు కాల్చుకోవడానికి ఆ వ్యవధి సరిగ్గా అందివస్తుంది. నాబ్‌ను చివరికంటా తిప్పినా లోపల 225 దాటదు, దుంపలకు అది చాలు.

మొదటి ఏడాది వరుస తప్పి, కోడి కాల్చిన మర్నాడే అదే ఓవెన్‌లో వెనీలా కేకు పెట్టాను. కేకుకు మసాలా వాసన పట్టింది. కడ్డీల వెనుక అంటిన కొవ్వు మళ్లీ వేడెక్కి చేసిన పని అది. ఇప్పుడు నవంబరులో పండ్ల కేకు, పండుగకు వారం ముందు బిస్కెట్లు, రెండు రోజుల ముందు రొట్టె, చివరగా కోడి అనే వరుసను దాటడం లేదు. శుభ్రం చేయడం పెద్ద కష్టమేమీ కాదు. అడుగున ఉన్న పళ్లెం ముందుకు జారి వస్తుంది, అద్దం మీది జిడ్డుకు వంటసోడా ముద్ద పూసి అరగంట ఆగి తుడిస్తే పోతుంది. కడ్డీల వెనుక భాగానికి మాత్రం చేయి పట్టదు. తలుపుకు ఒకే అద్దం ఉంది, మూడు గంటల కేకు రోజున అది చేయి పెట్టలేనంత కాగుతుంది. చిన్నపిల్లలు తిరిగే ఇంట్లో దాన్ని బల్ల అంచుకు దూరంగా ఉంచాలి, కరెంటు తీగ పొట్టిది కనుక అది కూడా అంత సులువు కాదు.

సేవ సంగతి రెండు మాటల్లో చెప్పవచ్చు. ట్రే పట్టుకునే పట్టుకారు మర రెండో నెలలోనే ఊడింది. వారంటీ కింద మార్చమని నాలుగుసార్లు ఫోను చేశాను, ప్రతిసారీ కొత్త మనిషి ఎత్తి మొదటినుంచి కథ చెప్పించుకున్నారు. చివరికి డిసెంబరు దాటిన తర్వాత వేరే ఓవెన్‌కు సరిపోయే పట్టుకారు పంపారు. దాన్ని తిప్పి పంపే ఓపిక లేక ఇంట్లో ఉన్న మందపాటి మసిగుడ్డతోనే నెట్టుకొస్తున్నాను. యంత్రం వరకు మాత్రం రెండేళ్లలో ఒక్కసారి కూడా మొరాయించలేదు, కడ్డీలు అన్నీ మొదటి రోజులాగే వెలుగుతున్నాయి.

పండుగకు ఒకటో రెండో పండ్ల కేకులు, ఒక కోడి, ఇంటివాళ్లకు సరిపడా బిస్కెట్లు చేసుకునే కుటుంబానికి, విడిగా ఒక థర్మామీటరు కొనే పక్షంలో, ఈ రకం ఓవెన్‌ను నిస్సంకోచంగా సూచిస్తాను. ఐదుకు నాలుగు చుక్కలు ఇస్తాను. పదిమందికి డబ్బాలు డబ్బాలుగా బిస్కెట్లు పంచే అలవాటు ఉన్నవారికి మాత్రం రెండున్నర చుక్కలే, వారు 40 లీటర్లకు పైబడినది, ఫ్యాను ఉన్నది చూసుకోవాలి. లీటర్ల లెక్కను గుడ్డిగా నమ్మవద్దు. అది కడ్డీల కిందా పైనా ఉన్న ఖాళీని కూడా కలిపిన లెక్క. 20 సెంటీమీటర్ల గుండ్రని టిన్ను, 18 సెంటీమీటర్ల చదరపు టిన్ను దాదాపు ఒకే కొలత పిండిని పట్టుకుంటాయి, నా ఓవెన్‌లో ఆ రెండూ సుఖంగా కూర్చుంటాయి. 25 సెంటీమీటర్ల టిన్ను లోపలికి వెళుతుంది గాని చుట్టూ గాలి తిరిగే సందు మిగలక తలుపు వైపు అంచు మాడుతుంది. దుకాణానికి వెళ్లేటప్పుడు మీరు ప్రతి ఏటా వాడే కేకు టిన్నును సంచిలో వేసుకుని వెళ్లి, జాలీ మీద పెట్టి, తలుపు మూసి, పై కడ్డీకి ఎంత దూరం ఉందో వేళ్లతో కొలవండి. అమ్మే అతను వింతగా చూశాడు, నేను రెండుసార్లు కొలిచాను.